కొండ స్టేషన్ అత్త

నవంబర్ 1, శనివారం. ఉదయం 6.10

కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

హన్మకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పే అభిషేక్ అనే నేను, ఈ రోజు నుంచి ఒక జపాన్ వీడియో గేమ్‌ను తెలుగులోకి అనువదించబోతున్నాను. మొత్తం గేమ్. క్రిస్మస్‌లోపు.

గేమ్ పేరు ‘తోగె ఎకి’. ముప్పై ఏళ్ళ కిందటిది. జపాన్‌లోనే పెద్దగా ఎవరూ ఆడలేదు. నేను ‘కొండ స్టేషన్’ అని పేరు పెట్టాను. యుద్ధాలు లేవు, రాక్షసులు లేరు. కెంతా అనే కుర్రాడు పట్నం నుంచి ఒక కొండ ఊరి రైల్వే స్టేషన్‌కు వచ్చి ఏడాదిపాటు పని నేర్చుకుంటాడు. జెండా ఊపుతాడు, టికెట్లు చింపుతాడు, పట్టాల మీద మంచు ఊడుస్తాడు. ప్లాట్‌ఫారం మీద నూడుల్స్ కొట్టు నడిపే ఒకావిడ ఉంటుంది. ఆమె కూతురు చియో. అంతే ఆట.

ఇలాంటి పాత ఆటల్ని పైసా ఆశించకుండా తమ భాషల్లోకి మార్చుకునే పిచ్చివాళ్ళ ఫోరం ఒకటి ఉంది. అక్కడ ప్రకటించేశాను. వెంటనే లైకులు! ఒకాయన తెలుగు ఏ దేశంలో మాట్లాడతారని అడిగాడు. ఇంకొకాయన దీన్ని ఇంగ్లీషులోకి కూడా ఇంతవరకు ఎవరూ తేలేదన్నాడు. అంటే ఇంగ్లీషు కంటే మనమే ముందు. రెండేళ్ళు ఆన్‌లైన్‌లో జపనీస్ నేర్చుకున్నది ఊరికే పోలేదు.

నియమాలు:
ఒకటి, రోజూ నలభై డైలాగులు. పండగైనా సరే, పరీక్షలైనా సరే.
రెండు, ఉన్నది ఉన్నట్టు. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు.
మూడు, కథ ముందే చూసేయకూడదు. అనువాదకుడికి కూడా ఆసక్తి ఉండాలి కదా.

నా భార్య జెస్సికాకు చదివి వినిపించాను. గిటారు ఎక్కడుందని అడిగింది. మిద్దె మీద పుట్టగొడుగుల సంచులు ఎప్పుడు తీస్తావని కూడా అడిగింది. సందర్భం లేని ప్రశ్నలు.

నవంబర్ 2, ఆదివారం. మధ్యాహ్నం

నలభై పూర్తి! నిజానికి నలభై రెండు!!

ఒక చిన్న చిక్కు. డైలాగు డబ్బాలో మూడు వరుసలే చోటు. జపాన్ అక్షరాలు చక్కగా మఠం వేసుకుని కూర్చుంటాయి. మనవి కిందికి కాళ్ళు చాపుతాయి. ఒత్తులన్నీ తెగిపోయి ‘అమ్మ’ కాస్తా ‘అమ’ అయింది. వరుసలు రెండుకు తగ్గించాను. ఇప్పుడు ఒత్తులు కనిపిస్తున్నాయి, మాటలు సగమే పడుతున్నాయి. ఫరవాలేదు. క్లుప్తత మంచిదే.

నవంబర్ 3, సోమవారం. సాయంత్రం 6.30

అత్తమ్మ సంగతి రాయలేదు కదూ. జెస్సికా వాళ్ళమ్మ. పేరు కృపమ్మ. కేసముద్రంలో టీచరుగా చేసి రిటైరైంది. సెప్టెంబరులో వానకు గుడి (చర్చిని మేం గుడి అనే అంటాం) మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి హన్మకొండ సుబేదారిలో మా ఇంట్లోనే ఉంటోంది. మామయ్య జ్ఞానప్రకాశం ఒకప్పుడు రైల్వే ఉద్యోగి. ఇప్పుడు కేసముద్రంలో కోళ్ళను చూసుకుంటూ రోజుకు రెండు పూటలా ఫోన్ చేస్తాడు.

కట్టు విప్పారు. ఎముక అతికింది. వేళ్ళు మాత్రం ముడుచుకుపోయాయి. దవాఖానలో ఫిజియోథెరపీ చేసే శారద మేడం ఒక మెత్తటి బంతి ఇచ్చి పొద్దస్తమానం పిసకమంది. అత్తమ్మ ఆ బంతిని మంచం కిందికి దొర్లించింది. నొప్పి అని ఒప్పుకోదు, చిన్నపిల్లల ఆటలు నాకెందుకంటుంది. చెయ్యి కొంగు కింద పెట్టుకుని కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటుంది.

కేసముద్రం గుడిలో హార్మోనియం ఆమెదే. పెళ్ళికి ముందు డోర్నకల్‌లో, పెళ్ళయ్యాక కేసముద్రంలో, మొత్తానికి వయసంతా ఆ పీట మీదే గడిచింది. క్రిస్మస్ ఆరాధన నాటికి వేళ్ళు లేవకపోతే సుధీర్ కీబోర్డు పెడతాడు. సుధీర్ మంచివాడే, సెల్‌ఫోన్ల షాపు నడుపుతాడు, టీచరమ్మ అంటే భక్తి. ఈ క్రిస్మస్‌కు పీట వదిలేస్తే అమ్మ మళ్ళీ దాని మీద కూర్చోదని జెస్సికా భయం. రాత్రి వంటింట్లో చెబుతూ ఏడ్చింది. నాకూ బాధేసింది.

డైలాగులు నలభై. పూర్తి.

నవంబర్ 5, బుధవారం. ఉదయం 7.00

అనువాదంలో మొదటి పెద్ద నిర్ణయం!

నూడుల్స్ ఆవిడను ఆటలో అందరూ ‘ఒబాసన్’ అంటారు. ఆ వయసు ఆడవాళ్ళందరికీ జపాన్‌లో అదే పిలుపు. మనకు అలా కుదరదు. పిన్నా? పెద్దమ్మా? అత్తా? ఏదో ఒక వరుస కలపందే తెలుగులో మనిషిని పిలవలేం. పేరు రాసే గడిలో రెండక్షరాలే పడతాయి, కాబట్టి పెద్దమ్మ పోయింది. మిగిలినవి రెండు. తల ఎత్తితే ఎదురుగా అత్తమ్మ కూర్చుని టీ తాగుతోంది. అత్త అని పెట్టేశాను.

ఎంత తేలికగా తెమిలిపోయిందో! మొదటి అధ్యాయం పూర్తయింది. ఈ లెక్కన డిసెంబరు మొదటి వారానికే అయిపోయేలా ఉంది.

నవంబర్ 6, గురువారం. సాయంత్రం

అనువాదాన్ని ఎవరైనా ఆడి చూడాలి. కాలేజీలో అడిగాను. ఫిజిక్స్ సార్ జాలిగా చూశాడు. జెస్సికా అయిదు నిమిషాలు ఆడి కుక్కర్ కూత పెట్టిందని వెళ్ళింది. కుక్కర్ పొయ్యి మీద లేదు.

ఆట పెట్టిన చిన్న యంత్రాన్ని సోఫాలో వదిలేసి మొహం కడుక్కోవడానికి వెళ్ళాను. వచ్చేసరికి అది అత్తమ్మ ఒళ్ళో ఉంది. తెరమీద అక్షరాలు చూసి, తెలుగు ఉందేమిటని తీసుకుందట. కొట్టు ఆవిడ కెంతాను తిన్నావా అని అడిగి ఆగింది. తర్వాత ఏమంటుందని అత్తమ్మ నన్నడిగింది. బొటనవేలితో కుడి పక్క బటన్ నొక్కాలని చెప్పాను.

నొక్కింది. మొహం చిట్లించింది. మళ్ళీ నొక్కింది.

నవంబర్ 9, ఆదివారం. మధ్యాహ్నం

అత్తమ్మ మొదటి అధ్యాయం ముగించింది! ఆ యంత్రానికి ‘డబ్బా’ అని పేరు పెట్టింది. జెండా ఊపాలంటే చూపుడువేలితో పైబటన్ నొక్కి పట్టుకోవాలి. మొదటి రోజు మూడు బండ్లు జెండా లేకుండానే వెళ్ళిపోయాయి. నిన్న అన్నిటికీ ఊపింది. ఆ పిల్లగాడికి తల్లి లేనట్టుంది, అందుకే ఆ అత్త అంత ప్రేమగా చూసుకుంటుందని నాకే వివరించింది.

జెస్సికా నన్ను వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పింది: “ఎన్నో మొదలువెట్టి ఇడిసిపెట్టినవ్, నేనేమన్లే. గిది మాత్రం ఇడువకు. జర అమ్మ కోసమన్న.”

నేను ఎప్పుడైనా వదిలానా? (గిటారు వేరు. దానికి తీగలు దొరకలేదు.)

నవంబర్ 12, బుధవారం. సాయంత్రం 5.15

ఈ రోజు ఇరవై అయిదు. సెమిస్టర్ పరీక్షల డ్యూటీ. మిగతా పదిహేను రేపటి నలభైలో కలుపుతాను.

కాలేజీ నుంచి వచ్చేసరికి అత్తమ్మ డబ్బా ఒళ్ళో పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ ఉంటోంది. ఆడటానికి కొత్తది లేకపోతే డబ్బా పక్కన పెట్టి చెయ్యి కొంగు కిందికి తోస్తుంది. నాకు అదే భయం. ఒక మనిషి వేళ్ళు నా అనువాదం మీద ఆధారపడి ఉన్నాయి. ప్రపంచంలో ఏ అనువాదకుడికైనా ఇంత ఒత్తిడి ఉంటుందా? కొంచెం గర్వంగానూ ఉంది.

నవంబర్ 16, ఆదివారం

శారద మేడం వేళ్ళు చూసి సంతోషించింది. బంతి బాగా పిసుకుతున్నారే అంది. అత్తమ్మ అవునంది. దవాఖాన మెట్లు దిగుతూ, అబద్ధం ఆడినందుకు లోపల ప్రార్థన చేసుకుంటున్నానని నాతో చెప్పింది.

ఆటలో ఊరి జాతర వస్తోంది. స్టేషన్ నోటీసు బోర్డు మీద డోలు ఎవరు కొడతారో వేశారు. కెంతా, చియో. ఎవరికైనా అభ్యంతరముంటే స్టేషన్ మాస్టరుకు చెప్పాలట. నోటీసు అంటే కాస్త హుందాగా ఉండాలి. హుందా తెలుగు నేను విన్నది గుడిలోనే. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కెంతాకును చియోకును…’ అని ఎత్తుకున్నాను. ‘అభ్యంతరమున్నవారు ఇప్పుడే తెలియజేయవలెను’ అని ముగించాను. చాలా గంభీరంగా వచ్చింది! డోలు అనే మాటకు రెండో వరుసలో చోటు చాలలేదు. పైన డోలు బొమ్మ ఉంది కాబట్టి ఎవరికైనా అర్థమవుతుంది.

నవంబర్ 23, ఆదివారం

వారం మొత్తం మీద నలభై. ఇదీ నలభయ్యే కదా.

ఆటలో రెండో వారం నోటీసు. అవే పేర్లు. అత్తమ్మ ఈసారి చదివి, యంత్రం మూసి, కళ్ళద్దాలు తుడుచుకుంది. ఏమైందంటే ఏమీ లేదంది.

నవంబర్ 30, ఆదివారం. సాయంత్రం

మూడో నోటీసు. చదివాక అత్తమ్మ జెస్సికాను పిలిచి శుభవార్త చెప్పింది. కెంతాకు, చియోకు పెళ్ళి ఖాయమైందట!

మా గుళ్ళల్లో పెళ్ళి ప్రకటన మూడు ఆదివారాలు చదువుతారు, దాన్నే ‘పిలవడం’ అంటారు. ఫలానా అబ్బాయికి, ఫలానా అమ్మాయికి వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. మూడు వారాలూ ఎవరూ లేవకపోతే ఇక అడ్డు లేనట్టే. నా పెళ్ళికీ చదివారు. నేను రాసిన నోటీసు మళ్ళీ చదువుకున్నాను. అచ్చం అదే. డోలు బొమ్మను ఆమె పెళ్ళి మేళం అనుకుంది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పటికే ఆమె వేళ్ళు మడిచి లెక్కపెడుతోంది. మేనత్త కూతురు, వరుస కుదిరింది, పిల్ల పనిమంతురాలు, మూడు వారాలు ఎవ్వరూ లేవలేదు. నాలుగు లెక్కలకు నాలుగు వేళ్ళు మడిచింది, తిరిగి నాలుగూ తెరిచింది. అలా తెరవడం సెప్టెంబరు తర్వాత ఇదే మొదటిసారి. జెస్సికా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నోరు మూసుకున్నాను. ఒక్క నోటీసుకు నియమం తప్పినట్టు కాదు.

డిసెంబర్ 4, గురువారం

ఈ వారం అనువాదం సాగకపోవడానికి కారణాలు:
పేపర్లు దిద్దడం.
కరెంటు రెండుసార్లు పోయింది.
గుడి వాళ్ళు క్యారల్స్‌కు వచ్చారు. నాకు శాంటా టోపీ పెట్టారు.
జపాన్ మంచులో ఏడు రకాలున్నాయి. నాకు ఒక్కటీ తెలియదు.

ఈ రోజు ఒకే డైలాగు. కానీ కష్టమైనది.

డిసెంబర్ 8, సోమవారం. ఉదయం 6.40

కొంప మునిగింది.

ఆరో అధ్యాయం. కొట్టు ఆవిడ కెంతాకు ఒక పాత ఫొటో చూపిస్తుంది. అందులో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. అక్క, కెంతా వాళ్ళమ్మ. చెల్లెలు, ఈవిడ.

అంటే అత్త కాదు. పిన్ని. సొంత పిన్ని!

అంటే చియో చెల్లెలు. అక్కడి నుంచి ఆ పిల్ల ప్రతి డైలాగులోనూ కెంతాను అన్నా అంటుంది. మూడో నియమం పెట్టుకున్న నన్ను ఏమనాలి? కథ ముందే చూసి ఉంటే రెండక్షరాలతో పోయేది.

ఉన్న దార్లు:
మొదటి నుంచీ అత్త అన్న ప్రతిచోటా పిన్ని అని మార్చడం. ఆ వరుస మీద ఆధారపడ్డ సరసాలు, నవ్వులు, ‘ఏం అల్లుడూ’లు కూడా మార్చడం. అంటే అన్నీ మళ్ళీ చేయడం.
అత్తమ్మకు నిజం చెప్పడం. ప్రకటన మూడు వారాలు చదివాక! క్రిస్మస్ ఇంత దగ్గర పెట్టుకుని!
ఆ ఫొటో డైలాగును కొంచెం సర్దడం.

కొంచెం సర్దుతాను. ఫొటోలో ఉన్నది వదినామరదళ్ళు.

డిసెంబర్ 11, గురువారం

చియో అన్నా అన్న చోటల్లా బావా అని రాశాను. కొండమీద గుడి పూజారిని మా చర్చి పాస్టరులా అయ్యగారిని చేశాను. ఆయన కెంతాను చూసినప్పుడల్లా పెళ్ళి బట్టలు తీశావా అని అడుగుతాడు. అసలులో వాన వస్తుందేమో అంటాడు.

ఒకటి కనిపెట్టాను. అసలు ఆటను చూడకపోతే అనువాదం ఎంత వేగంగా సాగుతుందో! ఈ రోజు డెబ్భై డైలాగులు!!

అత్తమ్మ రోజూ ఆడుతోంది. వేళ్ళు బాగా సాగుతున్నాయి. నిన్న డబ్బా పక్కన పెట్టి, బల్ల అంచు మీద హార్మోనియం మెట్లు వెతుక్కుంటూ వాయించుకుంది. నేను రెండో నియమం తప్పినందుకే కదా ఇదంతా. ఒక రకంగా ఇది సేవ.

ఫోరంలో ఎంతవరకు వచ్చిందని అడిగారు. ఉన్నది ఉన్నట్టు సాగుతోందని రాశాను.

డిసెంబర్ 17, బుధవారం. ఉదయం 7.20

అయిపోయింది!!! క్రిస్మస్ కంటే ముందే!

చివరి దృశ్యంలో కెంతా బండెక్కి వెళ్ళిపోతాడు. ఏడాది గడువు తీరింది, పట్నం పోతున్నాడు. నేను పెళ్ళి బట్టలు కొనడానికి పోతున్నాడని రాశాను. ‘వచ్చే ఆదివారం పెళ్ళి. పట్టుచీర తెస్తా’ అని కెంతా. ‘ఎర్రది తే బావా’ అని చియో. బాగుంది. అసలు రాసినవాడికి తోచలేదు గానీ.

డిసెంబర్ 18, గురువారం. సాయంత్రం 5.30

అత్తమ్మ చివరికి వచ్చింది. నేనూ జెస్సికా అటూ ఇటూ కూర్చున్నాం. బండి కదిలింది. తెరమీద చియో ఒక్కతే, చేతిలో కెంతాకు ఇవ్వడం మరచిపోయిన అన్నం డబ్బా. తల వంచుకుంది. చెంపల మీద రెండు నీలం చుక్కలు కిందికి జారాయి. మంచు పడటం మొదలైంది. కింద నా అక్షరాలు: ‘ఎర్రది తే బావా.’

అక్షరాలను మార్చాను గానీ బొమ్మల సంగతే ఆలోచించలేదు.

అత్తమ్మ చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“పెండ్లి వెట్టుకున్న పిల్ల గిట్ల ఏడుస్తదా, బిడ్డా?”

పెళ్ళి సంతోషం అన్నాను.  యంత్రాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది. చెయ్యి కొంగు కిందికి పోయింది.

డిసెంబర్ 19, శుక్రవారం

డబ్బా ముట్టలేదు. బంతి ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

కేసముద్రం నుంచి సుధీర్ ఫోన్ చేశాడు, టీచరమ్మ రిహార్సల్‌కు ఎప్పుడొస్తారని. నువ్వే వాయించు నాయనా అంది అత్తమ్మ. ఫోన్ పెట్టేయడానికి ఎడమ చెయ్యి వాడింది.

జెస్సికా నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెట్టింది. నా మీద నాకే అసహ్యంగా ఉంది. గిటారు వదిలేస్తే గిటారుకు ఏమీ కాలేదు.

డిసెంబర్ 20, శనివారం. మధ్యాహ్నం

చెప్పేశాను. నేల మీద కూర్చుని, మొదటి నుంచీ. నోటీసు, డోలు, ఫొటో, అయ్యగారు, పట్టుచీర, అన్నీ. ఆమె కోప్పడలేదు. అసలు చివర్లో ఏముందో చదవమంది. జపనీస్ చూస్తూ అప్పటికప్పుడు తెలుగులో చెప్పాను.

‘అన్నా, కిటికీ పక్కన కూర్చో. సొరంగం వచ్చినప్పుడు అద్దం దించుకో.’
‘ఊఁ.’
‘అమ్మ గుడ్లు రెండు పెట్టింది.’

బండి కదులుతుంది. అంతే. ఇంకేమీ లేదు.

అత్తమ్మ మళ్ళీ ఒకసారి చదవమంది. చదివాను. తర్వాత కిటికీ వైపు చూస్తూ చెప్పింది. జెస్సికా కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. అది జెస్సికా కూడా ఎన్నడూ విననిది.

“డోర్నకల్ గుడిల నాకు గూడ పెండ్లి పిలిచిన్రు, మీ మామ కంటే ముందు. రెండు ఐతారాలు పిలిచిన్రు. మూడో ఐతారం మా మేనమామ లేచిండు. ఆ పిలగాని అమ్మ మా అమ్మకు చెల్లె వరుస అయితదట. గప్పటిదాంక ఎవ్వలకు తెల్వదు. నాకు అన్న అన్నట్టు. అయ్యగారు బుక్కు మూసి పాట ఎత్తుకోమన్నడు. హార్మోనియం ముందల నేనే కూసున్న.”

జెస్సికా ఏం చేశావమ్మా అని అడిగింది.

“ఏం జేస్త? వాయించిన. లేసి పోతే అందరు సూస్తరు గద. నెల తిరగకముందే ఆ పిలగానికి వేరే ఊరికి బదిలీ అయింది. బండెక్కుతాండని చెప్పిన్రు. నేను స్టేషన్‌కు పోలే. గీ ఆటల పిల్ల పోయింది సూడు, మంచిదాయె.”

నేను ఆమెకు ఆటలో మూడో ఆదివారం కూడా పిలిపించాను. ఎవరూ లేవలేదని మురిసిపోయి వేళ్ళు తెరిచింది. ఇప్పుడు అర్థమైంది.

డిసెంబర్ 21, ఆదివారం. ఉదయం

ఆ చివరి దృశ్యం ఒక్కటే ఉన్నది ఉన్నట్టు రాసి యంత్రంలో పెట్టాను. మూడే డైలాగులు. ఇన్ని రోజుల్లో నేను చేసిన సరైన అనువాదం అదే అనుకుంటా.

అత్తమ్మ కాఫీ తాగి డబ్బా తీసుకుంది. మూడుసార్లు ఆడింది. ప్రతిసారీ బండి వెళ్ళేటప్పుడు చూపుడువేలితో పైబటన్ నొక్కి జెండా ఊపింది. ఆ దృశ్యంలో జెండా ఊపాల్సిన పనే లేదు. ఊపినా తెరమీద ఏమీ కనిపించదు.

తర్వాత బట్టలు సర్దమంది. కేసముద్రం పోదాం, రిహార్సల్ చేసుకోవడానికి నాలుగు రోజులే ఉన్నాయంది.

డిసెంబర్ 25, గురువారం. కేసముద్రం

వాయించింది.

మొదటి పాటలో రెండు మెట్లు తప్పాయి. ఉంగరం వేలు ఇంకా పూర్తిగా లేవడం లేదు. సుధీర్ పక్కన కీబోర్డు పెట్టుకుని, ఆమె తప్పిన చోటల్లా మెల్లగా అందుకున్నాడు. రెండో పాట ఎవరి సాయమూ లేకుండా ఆమెదే. జెస్సికా ఏడ్చింది. మామయ్య ఏడవలేదు, కానీ పాటల పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. నేను బాగా ఏడ్చాను.

డిసెంబర్ 28, ఆదివారం. సుబేదారి

ఫోరంలో రాశాను: అనువాదంలో కొన్ని లోపాలు దొర్లాయి, మళ్ళీ చేస్తున్నాను. ఎన్ని లోపాలని అడిగారు. కొన్ని అని రాశాను.

అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పాను. మొదటి డైలాగు నుంచీ పిన్ని అని మారుస్తాను, ఈసారి తప్పు ఉండదు, మీకే ముందు పంపిస్తానని. అటు వైపు కోళ్ళ చప్పుడు వినిపించింది.

“లోకానికి పిన్ని అనే ఇయ్యి, బిడ్డా. గదే నిజం. నాకిచ్చే దాంట్ల మాత్రం అత్త అనే ఉండనియ్యి.”

మరి చివర్లో పట్టుచీర పెట్టనా అని అడిగాను.

“వద్దు. బండి పోనీ. బండి ఎట్లయినా పోతది. వరుస కుదరక పోయిందని మాత్రం నాకొద్దు.”

జనవరి 1, గురువారం. ఉదయం 6.10

కొత్త డైరీ. (పాతదాంట్లో సగం ఖాళీ ఉంది. అయినా కొత్త సంవత్సరానికి కొత్తదే మంచిది.)

ఈ రోజు నుంచి నేను ‘కొండ స్టేషన్’ను తెలుగులోకి అనువదించబోతున్నాను. రెండుసార్లు. ఈస్టర్‌లోపు.

నియమాలు:
ఒకటి, రోజూ నలభై డైలాగులు. పిన్నిది ఇరవై, అత్తది ఇరవై.
రెండు, ఉన్నది ఉన్నట్టు. అత్తమ్మ దాంట్లో, ఆమె చెప్పింది చెప్పినట్టు.
మూడో నియమం రద్దు. కథ తెలుసు.

జెస్సికాకు చదివి వినిపించాను. ఈసారి గిటారు సంగతి ఎత్తలేదు. టీ ఇచ్చి పక్కనే కూర్చుంది.

ఉదయం 9.00

మామయ్య ఫోన్. హ్యాపీ న్యూ ఇయర్. మీ అత్తమ్మ పొద్దస్తమానం ఆ డబ్బా పట్టుకునే ఉంటోంది, నన్ను పలకరించడం లేదు, రైల్వే ఆట అంటే ఆడాల్సింది నేను కదా, నాకూ ఒకటి పంపమన్నాడు. తప్పకుండా మామయ్యా అన్నాను. ఏది పంపాలో తెలియక ఫోన్ అత్తమ్మకు ఇవ్వమన్నాను. ఆమె ఫోన్ తీసుకుని, పక్క గదిలోకి నడిచి, తలుపు వేసిన చప్పుడయ్యాక గొంతు తగ్గించి చెప్పింది.

“ఆయనకు పిన్నిది ఇయ్యి.”

ఉదయం 9.20

డైలాగులు: రెండు. సాయంత్రం లోపు మిగతావి.